ఎర్రబొట్ల పెట్టెలు

జిన్‌జియాంగ్, ఫుజియన్ రాష్ట్రం, చైనా
12 జూన్ 2025

మాలకొండమ్మ అత్తకు,

నీ మేనకోడలు మధులత బాగానే ఉంది. అన్నం దొరుకుతోంది, కారం దొరకడం లేదు. ఈ ఉత్తరం నీ చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్తాను, లేకపోతే పాపం జనార్దనయ్యను అనుమానిస్తావు. మా కంపెనీ కొత్త షూ మోడళ్లు ఇక్కడ తయారుచేసి వారానికొకసారి అట్టపెట్టెలో ఆత్మకూరు ఫ్యాక్టరీకి పంపుతుంది. మోడల్ చూడటానికి ఒక కాలిది చాలు కాబట్టి అన్నీ ఎడమకాలివే పంపుతారు. అందులో ఒక షూ లోపల ఈ కాగితం మడిచి పెడుతున్నాను. అక్కడ శాంపిల్ గదిలో పనిచేసే జనార్దనయ్య దాన్ని తీసి ఉదయగిరి బస్సు కండక్టర్ చేతికిస్తాడు. నువ్వు రాసిందీ తిరిగొచ్చే పెట్టెలో అదే దారిన నాకు వస్తుంది.

ఫోన్ చేయవచ్చు కదా అంటావు. ఇక్కడ మన వాట్సాప్ పనిచేయదు. మామూలు ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏందీ?" అని అరుస్తావు తప్ప ఒక్క ముక్క వినపడదు నీకు. ఆ చెవి డాక్టరుకు చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాను?

నన్నెందుకు ఇంత దూరం పంపారో వచ్చేటప్పుడు నీకు సరిగా చెప్పలేదు. మా ఓనరు లిన్ సార్‌ది తైవాన్. ముప్పై ఏళ్ల కిందట సముద్రం దాటి ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. సముద్రమంటే పెద్దదేం కాదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి అవతల ఉంటారు. రెండు ఒడ్డుల వాళ్లదీ ఒకే భాష, మొక్కేది ఒకే సముద్రపు అమ్మవారికి. పెద్దవాళ్ల మధ్య మాత్రం మాటలు సరిగా లేవు. మన ఊళ్లో ఆ దాయాదులు, పాలోళ్లు గుర్తున్నారా? గట్టు దగ్గర తగాదా పడి పలకరించుకోవడం మానేశారు గానీ ఇద్దరి చేలకూ ఒకే బోరు నీళ్లు పారేవి. ఇదీ అంతే. తైవాన్ వాళ్లవి డబ్బు, ఆర్డర్లు. ఇక్కడి వాళ్లవి చేతులు. ఈ ఊరు ఊరంతా అట్లా లేచిందే.

ఇప్పుడు ఇక్కడ కూలి పెరిగింది. చైనా సరుకంటే అమెరికా వాళ్లు సుంకం గట్టిగా వేస్తున్నారు. అందుకని లిన్ సార్ ఇక్కడి నాలుగో లైను మిషన్లన్నీ విప్పి ఆత్మకూరు పంపుతానంటున్నాడు. అక్కడ రెండో షెడ్డు కడుతున్నది వాటికోసమే. వాటిని బిగించడానికి ఇక్కడి మెకానిక్కులు రావాలంటే వీసాలు దొరకడం కష్టంగా ఉంది. అందుకే కుట్టు లైనులో ఉన్న నన్ను తెచ్చారు. ఇక్కడ విప్పడం నేర్చుకో, అక్కడ బిగించు అన్నారు. నేర్పేది హువాంగ్ అని ఒకామె. నీ వయసు ఉంటుంది. నీలాగే తిట్టి నేర్పుతుంది.

మంద ఎలా ఉంది? నీ మోకాళ్లు?

మధులత

*

ఉదయగిరి
27 జూన్ 2025

మధూ,

ఉత్తరం అందింది. కండక్టర్ దాన్ని పైకెత్తి "కొత్త బూట్ల వాసనొస్తా ఉండాది, ఏంది పెద్దమ్మా ఇది?" అని బస్సంతా వినేట్టు అడిగాడు. చైనా నుంచి మా పిల్ల రాసింది అని నేను ఇంకా గట్టిగా చెప్పాను.

నా చెవి సంగతి ఎత్తొద్దు. చీకట్లో దగ్గిన గొర్రె ఏదో నేను చెప్పగలను. ఆ మాత్రం చెవి చాలు.

నువ్వు రాసిందంతా అర్థమైంది, ఒక్కటి తప్ప. ఆ హువాంగ్ లైను నువ్వు విప్పి తెచ్చేస్తే ఆమెకు పని ఉండదు కదా? మరి నీకెందుకు నేర్పుతుంది? సగం నేర్పి సగం దాచుకుంటుంది చూడు. ఆమె నోటిని కాదు, చేతుల్ని గమనించు. ఇంత అనుమానం రాసి ఊరికే ఉండటం బాగుండదని ఆమెకు ఒక చెక్క గరిటె పంపుతున్నాను. మన ఉదయగిరిలో చేసిందే, పిడికి పూలు చెక్కి ఉన్నాయి. షూలో పట్టదని జనార్దనయ్య సణుగుతాడు. పెట్టెలో పడేయమని చెప్పి పంపుతున్నాను.

మోకాళ్లు బాగాలేవు. వానలు మొదలైతే కొండ ఎక్కలేను. నీ ఉత్తరం చదివాక ఒక ఆలోచన వచ్చింది. రెండో షెడ్డు తెరిస్తే మూడొందల మంది ఆడపిల్లల్ని తీసుకుంటారని జనార్దనయ్య అన్నాడు. వరికుంటపాడు నుంచీ దుత్తలూరు నుంచీ వచ్చి ఆత్మకూరులో గదులు తీసుకునే పిల్లలు ఏం తింటారు? ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కామాక్షమ్మ ఇల్లు ఖాళీగా ఉంది. మందను అమ్మేసి అక్కడ మెస్సు పెడితే ఎట్లా ఉంటుంది?

ఊరికే అడుగుతున్నాను. తొందరపడి అమ్మేదాన్ని కాదు. మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చినప్పుడు మా నాయన ఒక్క మాట దెప్పకుండా పన్నెండు గొర్రెల్ని విడిగా తోలి, "ఇవి నీయి మాలకొండా, బతుకు" అన్నాడు. ఇప్పుడు అవి అరవై మూడు. ఒక్కరోజు కూడా ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా బతికాను.

వేళకు తిను. ఆ ఊరి నీళ్లు కాచుకొని తాగు.

అత్త

*

జిన్‌జియాంగ్
19 జూలై 2025

అత్తా,

గరిటె చూసి హువాంగ్ అక్క మురిసిపోయింది. దాంతో వండదట, గోడకు తగిలిస్తుందట. వంటకే చేశారని చెప్తే వినడం లేదు.

నీ ప్రశ్న ఆమెనే అడిగేశాను. మేమిద్దరం ఫోన్‌లో టైపు చేసుకొని మాట్లాడుకుంటాం. అది ఆమె మాటల్ని తెలుగులోకి మారుస్తుంది, సగం తప్పుగా. "మీ పని పోతుందని తెలిసి నాకెందుకు నేర్పుతున్నారు?" అన్నాను. ఆమె చాలాసేపు టైపు చేసింది. ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లప్పుడు తైవాన్‌లోని తైచుంగ్ నుంచి త్సాయ్ అనే ఆమె వచ్చి ఈ మిషన్లు నేర్పిందట. అంతా అయ్యాక, వెళ్లే రోజు చెప్పిందట, తైచుంగ్‌లో వాళ్ల ఫ్యాక్టరీ మూసేశారని, ఆమె చెల్లెళ్లిద్దరికీ పని పోయిందని. "నువ్వు నేర్పకుండా ఉంటే మూసేవాళ్లు కాదేమో" అని హువాంగ్ అక్క అంటే, "నేను కాకపోతే ఇంకొకరు నేర్పుతారు, ఆ ఇంకొకరు సరిగా నేర్పరు, నీ వేళ్లు తెగుతాయి" అందట. త్సాయ్ ఇచ్చిన స్పానర్‌తోనే ఇప్పుడు నాకు నేర్పుతోంది. మీకు బాధగా లేదా అని అడిగాను. నా వీపు మీద ఒకటి చరిచి మిషన్ వైపు తిరిగింది. ఆమె ఏమీ దాచుకోవడం లేదత్తా. అనుమానం మానుకో.

పని మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది. ఒక్కో మిషన్ విప్పితే మూడు నాలుగు పెట్టెలవుతుంది. పెట్టెల మీదన్నీ చైనా అక్షరాలే. అక్కడ బిగించేటప్పుడు తికమక పడకూడదని నేను విప్పిన ప్రతి పెట్టె కుడిమూలా మన గుర్తు వేశాను, మందకు వేసినట్టే ఎర్ర రంగుతో రెండు బొట్లు. నలభై ఒక్క పెట్టెలు! వరసగా నిలబెడితే తాతయ్య మంద కళ్లముందు నిలబడినట్టుంది. మన గుర్తు పడింది కాబట్టి అవి ఇక మనవే అనుకో. ఆగస్టు చివర్లో ఓడ ఎక్కుతాయి.

మెస్సు మంచి ఆలోచనే. నీ చేతి పప్పు తింటే ఆ పిల్లలు ఇళ్లకు పోరు.

మధు

*

ఆత్మకూరు
6 ఆగస్టు 2025

మధూ,

పైన ఆత్మకూరు అని చూసి ఉలిక్కిపడ్డావా? నీ ఉత్తరం చదివిన మూడోరోజు గొర్రెలు కొనే జలదంకి శీనయ్యకు కబురుపెట్టాను. మందను అమ్మేశాను.

మన గుర్తు పడిందని నువ్వు రాశాక ఇక ఆలోచించేదేముంది? మా నాయన కాలం నుంచి ఆ రెండు బొట్లు పడిన జీవం ఒక్కటి కూడా పరాయి మందలో ఉండిపోలేదు. తప్పిపోయి దుత్తలూరు దాకా పోయినా, ఎవరో ఒకరు గుర్తుపట్టి తోలుకొచ్చి మన దొడ్లో విడిచిపెట్టారు. నలభై ఒక్క పెట్టెలకు గుర్తు వేసి ఉంటే అవి ఎక్కడ తిరిగినా మన గుమ్మానికే వస్తాయి. నాకు ధైర్యం వచ్చేసింది.

ఒక్క సంగతి మాత్రం మనసులో కెలుకుతోంది. మంద కొన్నవాడు మొదట చేసే పని తన గుర్తు వేసుకోవడం. శీనయ్య రంగు డబ్బా తేలేదు. "గుర్తు ఎయ్యవా శీనయ్యా?" అన్నాను. "ఎందుకులే అక్కా ఇప్పుడు" అని లారీ వైపు చూశాడు. నాకు తెలిసిపోయింది. పెంచుకునేవాడైతే గుర్తు వేస్తాడు. మందకు ముందు నడిచే నల్లమూతి గొర్రె లారీ ఎక్కనంటే నేనే పోయి నడిపించాను. నేను పిలిస్తే ఎక్కింది. ఏడ్చానని ఎవరైనా నీతో చెబితే నమ్మొద్దు. రెండు రోజులు అన్నం సయించలేదు, అంతే.

ఇప్పుడు మంచి మాట. కామాక్షమ్మ ఇల్లు మూడేళ్లకు తీసుకున్నాను. పెద్ద గుండిగలు రెండు, కంచాలు వంద. వరికుంటపాడు ఆనందమ్మ వంటకు సాయం వస్తుంది. ఇంటి ముందు నిలబడితే రెండో షెడ్డు రేకులు కనిపిస్తున్నాయి. ఎండకు కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి. మొదటి షెడ్డు పిల్లలు ఇరవై మంది ఇప్పటికే తింటున్నారు. "మధులతక్క ఎప్పుడొస్తాది?" అని రోజూ అడుగుతారు. పెట్టెలతో పాటు వస్తుందని చెప్తున్నాను.

అత్త

*

జిన్‌జియాంగ్
9 ఆగస్టు 2025

అత్తా,

ఇది నీకు మాత్రమే. అమెరికా వాళ్లు మన దేశం సరుకు మీద సుంకం రెట్టింపు చేస్తామన్నారు. మా షూలు కొనేది వాళ్లే. నిన్నటి నుంచి లిన్ సార్ గది తలుపు మూసే ఉంది. తైవాన్ నుంచి వాళ్ల తమ్ముడు వచ్చాడు. ఇద్దరూ అరుచుకుంటున్నారు. పెట్టెలు గోడౌన్‌లోనే ఉన్నాయి. ఎవర్ని అడిగినా "చూద్దాం" అంటున్నారు.

బహుశా ఏమీ కాదు. కానీ మందను అమ్మే ఆలోచన ఉంటే పెట్టెలు ఆత్మకూరు చేరేదాకా ఆగు. జనార్దనయ్యకు మామూలు మెసేజ్ పెట్టి చెప్పిద్దామనుకున్నాను. ఆయనకు తెలిస్తే గంటలో ఫ్యాక్టరీ అంతా తెలుస్తుంది, పిల్లలు హడలిపోతారు, ఆ పుకారు నేనే పుట్టించానని నా పని పోతుంది. నువ్వు తొందరపడేదాన్ని కాదన్నావు కదా. అందుకే ఉత్తరం చాలనుకున్నాను.

ఆగు అత్తా.

మధు

*

ఆత్మకూరు
18 సెప్టెంబర్ 2025

మధులతకు,

నువ్వు ఆగస్టు తొమ్మిదిన రాసిన ఉత్తరం నిన్న అందింది. కొత్త మోడళ్లు లేవని నెలా పదిరోజులు శాంపిల్ పెట్టె రాలేదట. వచ్చిన పెట్టెలో ఒకటే షూ, దాంట్లో నీ కాగితం. జనార్దనయ్య బస్సుకివ్వకుండా తనే తెచ్చి ఇచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆగమని రాశావు. అప్పటికి మంద వెళ్లి పదిరోజులైంది. గుర్తు వేశానంటావు, మనవే అంటావు, మళ్లీ ఆగమంటావు. గుర్తు వేసిన దాని దగ్గర ఆగడమేంది? మన ఇంట్లో ఎప్పుడైనా అట్లా ఉందా? నాకు పెద్ద చదువు లేదు, సుంకాలూ తెలియవు. నీ మాట ఒక్కటే తెలుసు.

ఉత్తరం చదవగానే జలదంకి పోయాను. శీనయ్య కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "ఒక్క పది ఎనక్కి ఇయ్యి శీనయ్యా, మళ్లీ మొదలు పెడతా" అన్నాను. "ఎక్కడియ్యేది అక్కా, ఆ వారంలోనే మద్రాసు పోయినాయి" అన్నాడు. ఆయనదేం తప్పు లేదు. నేను అడిగిన ధర ఇచ్చాడు.

ఇక్కడ మొదటి షెడ్డులో రెండో షిఫ్టు తీసేశారు. మెస్సులో తొమ్మిది మంది మిగిలారు. ఆనందమ్మను పంపించేశాను. రెండో షెడ్డు తలుపులకు తాళం వేసి ఉంది. అడిగితే వాచ్‌మన్ "మాకేం తెల్దు పెద్దమ్మా" అంటాడు. మేనేజరు "పైవాళ్లు చెప్పాలి" అంటాడు. ఆ పైవాళ్ల దగ్గర ఉన్నది నువ్వే. నా పెట్టెలు ఎక్కడున్నాయి? ఎప్పుడొస్తాయి? ఆ రెండూ రాయి. ఇంకేమీ రాయొద్దు.

మాలకొండమ్మ

*

జిన్‌జియాంగ్
10 అక్టోబర్ 2025

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ఆత్మకూరు నుంచి రాసిన మొదటిది సంతోషంగా మొదలుపెట్టి చదివాను. దాని కిందే రెండోది ఉంది. ఆ రోజంతా ఏ పని చేశానో గుర్తులేదు.

నువ్వు అడిగిన రెండింటికీ జవాబు రాస్తాను. పెట్టెలు సెప్టెంబర్ ఇరవై తొమ్మిదిన ఓడ ఎక్కాయి. మన దేశానికి కాదు, ఇండోనేషియాకు. లిన్ సార్ తమ్ముడికి అక్కడ ఒక షెడ్డు ఉంది, అక్కడి సరుకు మీద సుంకం తక్కువ. లారీలోకి ఎక్కిస్తుంటే నేను అక్కడే ఉన్నాను. నలభై ఒక్కటీ లెక్కపెట్టాను. ప్రతిదాని మీదా రెండు బొట్లు. ఆపలేకపోయాను. ఆపడానికి నేనెవర్ని?

లిన్ సార్ దగ్గరికి వెళ్లాను. మా అత్త గొర్రెలు అమ్మేసింది సార్ అని ఫోన్‌లో టైపు చేసి చూపించాను. ఆయన చదివి, లేచి నిలబడి, నాకు తల వంచాడు. అరవై ఏళ్ల మనిషి. "నా చేతిలో లేదమ్మా, కొనేవాళ్లు ఎక్కడ చేయమంటే అక్కడ చేయాలి. నేను కూడా ముప్పై ఏళ్ల కిందట మా ఊళ్లో ఇట్లాగే మూసేసి వచ్చాను" అన్నాడు. తిడదామని పోయినదాన్ని ఫోన్ జేబులో పెట్టుకొని వచ్చేశాను.

నాలుగో లైను ఉన్న చోట ఇప్పుడు నేల మీద నూనె మరకలే ఉన్నాయి. హువాంగ్ అక్క ఆఖరి రోజున గోడ మీది గరిటెను గుడ్డలో చుట్టుకొని పోయింది. వాళ్లాయనకు కూడా ఇదే ఫ్యాక్టరీలో పని. ఇద్దరికీ ఒకేసారి పోయింది. స్పానర్ మాత్రం నా చేతిలో పెట్టింది. తీసుకోనంటే జేబులో కుక్కింది.

ఆ ఒక్క మెసేజ్ జనార్దనయ్యకు పెట్టి ఉండాల్సింది. పెట్టినా మంద అప్పటికే పోయిందని నువ్వు రాసిన తారీఖు చూస్తే తెలుస్తోంది. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. అసలు పాపం ముందు ఉత్తరంలోనే ఉంది. మనవే అనుకో అని రాసింది నేనే. సరదాకు రాశాను అత్తా. నువ్వు సరదాగా తీసుకోవని నాకు తెలిసి ఉండాలి.

ఇంకొకటుంది. నన్ను ఇండోనేషియా వెళ్లమంటున్నారు. పెట్టెలు విప్పి బిగించి, అక్కడి పిల్ల ఒకామెకు నేర్పాలి. ఆరు నెలలు. వెళ్లనంటే టికెట్ కొని ఇంటికి పంపేస్తారు, ఆత్మకూరులో నాకు ఇక పని లేదు. వెళితే జీతం వస్తుంది, నీకు పది గొర్రెలైనా కొనివ్వగలను. కానీ నేను అక్కడ నేర్పడం అయిపోగానే ఆత్మకూరు మొదటి షెడ్డు కూడా మూసేస్తారని అందరూ అనుకుంటున్నారు. ఆ తొమ్మిది మంది పిల్లలకు నేను ఏం ముఖం చూపించాలి? నువ్వు వద్దంటే వచ్చేస్తాను. నాకేం తోచడం లేదు. చెప్పు.

మధు

*

ఉదయగిరి
2 నవంబర్ 2025

మధూ,

మళ్లీ ఉదయగిరి వచ్చేశాను. కామాక్షమ్మ మంచిది, మూడేళ్ల మాట పట్టుకొని కూర్చోలేదు, తాళంచెవి తీసుకుంది. గుండిగలు పెళ్లిళ్లకు వంట చేసే వాళ్లకు ఇచ్చేశాను. ఆ పిల్లలకు ఆఖరి రోజున పప్పు, వంకాయ కూర చేసి పెట్టాను. వాళ్లలో ఎవరూ నిన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆ రోజు అన్నాను. సెప్టెంబర్‌లో రాసిన ఉత్తరం చించేయ్.

నేను ఇప్పుడు మన ఊరి శీనమ్మ మేకల వెంట పోతున్నాను. ముప్పై ఉన్నాయి, కూలికి. వాళ్ల గుర్తు పచ్చగీత. మేకలు నా మాట వినవు. గొర్రెలైతే ఒకటి కదిలితే అన్నీ కదిలేవి, ఇవి తలా ఒక దిక్కు పోతాయి. మోకాళ్లు కుయ్యోమంటున్నాయి. నిన్న అలవాటుగా నల్లమూతిదాన్ని పిలిచాను. శీనమ్మ విననట్టు మేకల్ని అదిలించింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదే. శీనయ్య మజ్జిగ ఇచ్చాడు. నీ లిన్ సారు తల వంచాడట. హువాంగ్ స్పానర్ ఇచ్చింది. అందరూ మంచివాళ్లే, నా దొడ్డి మాత్రం ఖాళీ. ఎవరో ఒకరు చెడ్డవాళ్లు ఉండి ఉంటే నాలుగు తిట్టి పడుకునేదాన్ని.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. పో. నువ్వు పోకపోతే ఇంకొకరు పోతారు, ఆ పిల్ల వేళ్లు తెగుతాయి. హువాంగ్ నీకు నేర్పినట్టే ఏదీ దాచకుండా నేర్పు. గొర్రెల సంగతి తర్వాత చూద్దాం, నా ఒళ్లు సహకరిస్తే.

కానీ రెండు పనులు చెయ్యి. మొదటిది, పెట్టెలు దిగగానే ఒక గుడ్డ, కాస్త కిరసనాయిలు తీసుకొని ఆ నలభై ఒక్కింటి మీదా ఎర్రబొట్లు తుడిచెయ్. ఒక్కటి కూడా మిగలకూడదు. అది మా నాయన గుర్తు. మనది కాని దాని మీద అది ఉండకూడదు.

రెండోది, నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను మొదటి రోజే కూర్చోబెట్టి అడుగు, మిషన్లు వస్తున్నాయని ఇంట్లో వాళ్లు ఏమైనా అమ్మారా అని. ఆ ఫోన్‌లో టైపు చేసి అడుగు, అర్థమయ్యేదాకా అడుగు. ఇంకా అమ్మి ఉండకపోతే, వాళ్ల అత్తతో అమ్మొద్దని చెప్పమను.

అత్త